కుండలోని కమ్మ – పెట్టెలోని చీటి

మన పల్లెలలో ఎన్నికలు వచ్చినప్పుడెల్ల వేదికలపై వినవచ్చు మాట యొకటి కలదు. ప్రజాస్వామ్యము మనకు తెల్లదొరలు నేర్పినది కాదనియు, వేయేండ్లకు పూర్వమే మన దేశపు గ్రామములు వోటు వేసి పెద్దలను ఎన్నుకొనెడివనియు, అందులకు ఉత్తరమేరూరు శాసనమే సాక్ష్యమనియు వక్తలు సెలవిత్తురు. వినుటకు మాట యింపుగ నుండును, చప్పట్లును మ్రోగును. కాని ఆ శాసనమున నేమి వ్రాసియున్నదో విప్పి చెప్పువారు అరుదు. రజతోత్సవ సంచికకు ఏదేని యొక చరిత్ర విషయము వ్రాయుమని గ్రంథాలయ కార్యవర్గమువారు నన్ను కోరినప్పుడు నాకు మొదట తోచినది ఇదియే. నేను లెక్కలు వ్రాసి బ్రతుకువాడను గాని పండితుడను గాను. అయినను ఆ శాసనము లెక్కలవాడు చదువవలసిన శాసనమే.

ఉత్తరమేరూరు తమిళనాట కాంచీపురము జిల్లాలోని యూరు. అచటి వైకుంఠ పెరుమాళ్ళ కోవెల గోడలపై చోళరాజగు మొదటి పరాంతకుని కాలపు శాసనములు రెండు ఈ విషయమును గూర్చినవి కలవు. మొదటిది అతని పరిపాలనమున 12వ యేట, అనగా క్రీ.శ. 919 ప్రాంతమునను, రెండవది 14వ యేట, 921 ప్రాంతమునను చెక్కబడినవి. పురావస్తు శాఖవారి 1904–05 నివేదికలో వెంకయ్యగారు వీనిని వివరించి లోకమునకు తెలిపిరి, పిమ్మట కె. ఏ. నీలకంఠశాస్త్రిగారు విపులముగ చర్చించిరి. రెండేండ్ల యెడములో ఒకే విషయమునకు రెండు శాసనము లేల యనగా, మొదటి కట్టుబాటు ఆచరణలో చాలకపోయినది. సభవారు మరల కూర్చుండి దానిని సవరించుకొనిరి. చట్టము చేసిన రెండేండ్లకే సవరణ కావలసివచ్చుట నేటి వింత యేమియు గాదు.

ఆ పద్ధతికి 'కుడవోలై' యని పేరు. కుడమనగా కుండ, ఓలై యనగా తాటియాకు కమ్మ. ఊరిని 30 వాడలుగ విభజించిరి. ఒక్కొక్క వాడలో అర్హులగువారి పేర్లను కమ్మలపై వేర్వేరుగ వ్రాసి, వాడవాడకు నొక కట్ట కట్టి, ఆ 30 కట్టలను ఒక కుండలో నుంచెడివారు. పిన్న పెద్దలతో సహా సభ యంతయు కూడవలెను. ఆ దినమున ఊరనున్న కోవెల అర్చకులు ఒక్కరైన తప్పక సభామండపమున కూర్చుండవలెను. వారిలో పెద్దవాడు లేచి, కుండను పైకెత్తి, అందరకు కనుపించునట్లు చూపును. లోన నేమున్నదో యెఱుగని బాలుడొకడు వచ్చి ఒక కట్టను తీయును. ఆ కట్టలోని కమ్మలను వేఱొక కుండలో వేసి కలియబెట్టుదురు. మరల ఆ బాలుడే ఒక కమ్మను తీసి మధ్యస్థుని చేతికిచ్చును. మధ్యస్థుడు ఐదు వ్రేళ్ళును చాచి, అఱచేయి తెఱచి, దాని నందుకొనవలెను. అందుకొని బిగ్గరగా చదువవలెను. అది చాలదు, లోపలనున్న అర్చకు లందఱును దానిని మరల చదువవలెను. అప్పుడు గాని ఆ పేరు అంగీకృతము గాదు. ఇట్లు 30 వాడలకు 30 మంది.

ఈ ఐదు వ్రేళ్ళ మాటయొద్ద నేను చదువుట నిలిపి చాలసేపు కూర్చుంటిని. ఇట్టి నియమమును శాసనమున చెక్కించుట ఊరక జరుగునా? అంతకు పూర్వ మెవ్వడో పిడికిటిలో నొక కమ్మను దాచుకొని, కుండలోనిదానికి బదులు దానిని చదివియుండవలెను. ఇది నా యూహ, శాసనమున లేదు. కాని కట్టుబాట్లలోని ప్రతి చిన్న నిబంధన వెనుకను ఎవ్వడో యొకని చేతివాటము దాగియుండుట లెక్కలవారందఱకు తెలిసినదే.

అట్లు తేలిన 30 మందిలో, వయస్సును విద్యయు గలిగి అంతకుముందు తోట, చెఱువు పనులు చూచిన అనుభవము గల 12 మంది సంవత్సర వారియము, మఱి 12 మంది తోట వారియము, మిగిలిన 6 గురు ఏరి వారియము, అనగా చెఱువు సంఘము. బంగారపు నాణెమును పరీక్షించుట మొదలగు పనులకు వేఱు వారియములు కలవు. వీరి పదవీకాలము 360 దినములు. నడుమ నెవ్వడైన నేరము చేసినట్లు తేలినచో తత్‌క్షణమే తొలగింపవలెను. మూడేండ్లలోపల ఏ వారియమునందైన పనిచేసినవాని పేరు కమ్మపై వ్రాయరాదు.

ఇంక అర్హతలు. పన్ను చెల్లించు భూమి కాలు వేలికి మించి యుండవలెను. తన స్థలమున కట్టుకొన్న యింట నివసింపవలెను. వయస్సు 35కు తక్కువ గాను, 70కి ఎక్కువ గాను ఉండరాదు. వేదము నభ్యసించి యుండవలెను. ఒక వేదమును ఒక భాష్యమును బోధింపగలవానికి భూమి అరకాలు వేలి యున్నను చాలును. ఇంతవఱకు వక్తలు కొందఱు చెప్పుదురు. వారు విడిచిపెట్టునది తరువాతి వాక్యము. వారియమున పనిచేసి లెక్క అప్పగింపనివాడు ఎన్నడును తిరిగి కుండలోనికి రాడు. వాడే కాదు, వాని తండ్రి, కొడుకు, అల్లుడు, మామ, మేనమామ, మేనత్త కొడుకులు, తల్లియొక్క అక్కచెల్లెండ్ర కొడుకులు, బావమఱదులు – ఈ చుట్టఱికముల జాబితా యంతయు రాతిపై నున్నది. మహాపాతకముల ప్రస్తావనయు, పరుల సొత్తు హరించినవాని ప్రస్తావనయు దీని తరువాతనే వచ్చును. శాసన మీ క్రమమున వ్రాసినవారికి నేను దూరమునుండియే నమస్కరించుచున్నాను.

లెక్క వ్రాయువానిని గూర్చియు శాసనము ఊరకుండలేదు. మధ్యస్థులును, న్యాయార్జితమగు ధనము గలవారును మాత్రమే ఊరి లెక్కలు వ్రాయవలెను. ఒకమారు వ్రాసినవాడు తన కాలపు లెక్కను పెద్ద వారియమువారి కప్పగించి, నిర్దోషియని అనిపించుకొనునంతవఱకు మరల ఆ పనికి రాడు. తాను వ్రాసిన లెక్కను తానే అప్పగింపవలెను. దానిని ముగించుటకు వేఱొక లెక్కలవానిని తెచ్చి నిలువరాదు. తప్పులన్నియు 'మునుపటివాని చేతివ్రాత'పై పడవేయుట ఆ కాలమునను ఉండెననుట కింతకన్న నిదర్శనము కావలెనా!

ఇంతటి శాసనమును మెచ్చుకొనుచునే ఒక మాట నిష్కర్షగ చెప్పవలసియున్నది. ఇందులో వోటు లేదు. ఇది లాటరీ. ఒకని కన్న నొకడు మేలని జనులు తలచి యెన్నిన యెన్నిక కాదు. ముందే ఏరిన కొందఱిలో ఎవ్వడైనను ఒక్కటేయని నమ్మి దైవమునకు విడిచిన నిర్ణయము. పక్షములు పుట్టకుండుటకు మంచి ఉపాయమే. కాని కుండలోనికి పోయిన కమ్మ లెవరివి? ఉత్తరమేరూరు చతుర్వేదిమంగళము, అనగా బ్రాహ్మణుల కిచ్చిన అగ్రహారము. అచటి సభ భూమి గల బ్రాహ్మణ పురుషుల సభ. ఆ చెఱువును త్రవ్వినవారి పేరు, ఆ తోటకు నీరు కట్టినవారి పేరు, ఆ కుండను చేసిన కుమ్మరి పేరు కుండలోనికి పోలేదు. స్త్రీల మాట చెప్పనే యక్కఱలేదు. కావున అది ప్రజాస్వామ్యమని చప్పట్లు కొట్టుట సరిగాదు. లెక్కలయందు అది మనకు గురువు; వోటునందు గాదు.

మన దేశమున నిజముగ తలలు లెక్కపెట్టిన పద్ధతి దీనికన్న ప్రాచీనమైనది. బౌద్ధ భిక్షువుల వినయ గ్రంథములలో, సంఘమున వివాదము పుట్టి రాజీ కుదరనప్పుడు శలాకలు, అనగా పుల్లలు, పంచి ఎక్కువమంది యెటు చెప్పుదురో చూచు విధానము కలదు. శలాకలు పంచువాడు ఇష్టము, ద్వేషము, మోహము, భయము లేనివాడును, ఏ పుల్ల తీసికొనబడినదో ఏది లేదో ఎఱిగినవాడును కావలెనట! నేటి పోలింగు అధికారికి ఇంతకు మించిన లక్షణము వ్రాయగలమా? శలాకలు తీసికొను రీతులు మూడు. రహస్యముగ తీసికొనునది గూఢకము. బాహాటముగ తీసికొనునది వివృతకము. ఒక్కొక్కని చెవిలో గుసగుసలాడి తీసికొనునది పాళీలో సకణ్ణజప్పకము. అమరావతి, నాగార్జునకొండ విహారములు వెలసిన నేలపై బ్రతుకుచున్న మనకు ఈ మాటలు పరాయివి గావు. పాఠకులు ఈ మూడు రీతులను జ్ఞాపకముంచుకొనవలెనని ప్రార్థన. ముందు మరల పని పడును.

తెలుగు పల్లెల సంగతి వేఱు. రెడ్డి, కరణము, తలారి మొదలుగా పన్నిద్దఱు ఆయగాండ్రు పాలుగొని సాగించిన గ్రామ వ్యవస్థ మనది. పదవులు తండ్రినుండి కొడుకునకు వచ్చెడివి. రచ్చబండకడ తీర్పు జరిగెడిది. పెద్ద మాట్లాడును, కూర్చున్నవారు తలలూపుదురు, నిలువబడినవారు వినియెదరు. ఎవరు కూర్చుండవలెనో ఎవరు నిలువవలెనో ముందే నిర్ణయమైయుండెను. వంశపారంపర్యపు కరణీకము, మునసబీ మన రాష్ట్రమున 1984లో గాని రద్దు కాలేదు.

తెల్లవారి కాలమున రిప్పన్ ప్రభువు 1882లో స్థానిక స్వపరిపాలన తీర్మానము చేసెను. మద్రాసు రాజధానిలో 1884లో స్థానిక బోర్డుల చట్టమును, 1920లో గ్రామ పంచాయతీల చట్టమును వచ్చినవి. తొలిదినములలో నామినేషనుదే పైచేయి. శాసనసభ వోటు పన్ను చెల్లించువారికి పరిమితము. 1921లో మద్రాసు శాసనమండలి ఆ యర్హతలే గల స్త్రీలకును వోటు నిచ్చినది, దేశమున నది ముందడుగు. 1937 ఎన్నికలలో మద్రాసు రాజధానిలో కాంగ్రెసునకు పసుపు పెట్టె. చదువురానివారును రంగు చూచి చీటి వేయగలిగిరి. పేరు వ్రాయలేనివాడు వోటు వేయలేడను వాదము ఆ పసుపు పెట్టెతోనే చాలవఱకు చెల్లిపోయినది.

స్వతంత్రమైన పిమ్మట రాజ్యాంగ సభలో గ్రామమును గూర్చి పెద్ద వాదము నడచినది. 1948 నవంబరు 4న అంబేద్కరుగారు చిత్తు రాజ్యాంగమును ప్రవేశపెట్టుచు, గ్రామ గణతంత్రములను కొనియాడువారిని గట్టిగ ఖండించిరి. గ్రామము సంకుచితత్వమునకును, అజ్ఞానమునకును, కులద్వేషమునకును నెలవనియు, రాజ్యాంగమునకు మూలము వ్యక్తియే గాని గ్రామము గాదనియు వారి యభిప్రాయము. పలువురు సభ్యులకు మనసు నొచ్చినది. అదే నెల 22న సంతానముగారి ప్రతిపాదనపై, ఇప్పటి 40వ అధికరణము చేరినది. గ్రామ పంచాయతీలను ఏర్పరచి స్వపరిపాలనకు తగిన యధికారముల నీయవలెనని దాని సారము. ఆనాడు మన ప్రకాశము పంతులుగారును దానిని సమర్థించి మాటలాడిరి. ఇద్దఱిలో ఎవరు సరి? పల్లెలో పుట్టినవాడనగుటచే నా మనసు పంతులుగారి వంకకు మొగ్గును. కాని రచ్చబండకడ నిలువబడిన వాని కొడుకు నడిగినచో అంబేద్కరుగారి మాటయే నిజమనును, వాని సాక్ష్యము నా మొగ్గుకన్న బరువైనది.

1951–52 సార్వత్రిక ఎన్నికలలో 21 ఏండ్లు నిండిన ప్రతివానికి, ప్రతి స్త్రీకి వోటు లభించినది. నిజాము పాలననుండి విడివడిన తెలంగాణ పల్లెలకును అదే మొదటిమారు. ఒక్కొక్క అభ్యర్థికి ఒక్కొక్క పెట్టె, దానిపై గుర్తు. చీటిపై ముద్ర వేయు పద్ధతి ఆ తరువాత వచ్చినది. ఆ మొదటి జాబితాలో ఒక వింత జరిగినది. ఉత్తరదేశమున చాలమంది స్త్రీలు తమ పేరు చెప్పక, ఫలానివాని భార్య, ఫలానివాని తల్లి యని మాత్రమే వ్రాయించిరి. స్వంత పేరు లేనిదే జాబితాలో ఉంచరాదని ఎన్నికల ప్రధానాధికారి సుకుమార్ సేన్‌గారు పట్టుబట్టిరి. సుమారు 28 లక్షలమంది పేర్లు జాబితాకు ఎక్కలేదు. కఠినమైన పని యని కొందఱనిరి. నాకు మాత్రము, స్త్రీ పేరు స్త్రీదిగా లెక్కకు రావలెనని ప్రభుత్వము పట్టుబట్టిన సందర్భ మంతకు ముందొకటి కానరాదు.

1959 అక్టోబరు 2న రాజస్థానము, 11న షాద్‌నగరులో మన ఆంధ్రప్రదేశము, రెంటను నెహ్రూగారి చేతులమీదుగనే, పంచాయతీరాజ్ ప్రారంభించినవి. పిమ్మట ఎన్నికలు వాయిదా పడిన యేండ్లును చాల కలవు. వాని చరిత్ర సంతోషకరము గాదు గాన విడిచెదను. 73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24న అమలులోనికి వచ్చి, ఐదేండ్లకొకమారు ఎన్నిక తప్పనిసరి చేసినది. షెడ్యూల్డు కులములకు తెగలకు జనాభాను బట్టియు, స్త్రీలకు మూడవ వంతునకు తగ్గకుండను స్థానములు కేటాయించినది. మన రాష్ట్రమున స్త్రీల వంతు తరువాత సగమునకు పెరిగినది. ఉత్తరమేరూరు కుండలోనికి రాని కమ్మలు ఇన్నాళ్ళకు వచ్చినవి.

ఊరక రాలేదు. ఆ తమిళనాటనే మధుర జిల్లాలో పాప్పాపట్టి, కీరిపట్టి యను పంచాయతీలు 1996లో షెడ్యూల్డు కులములకు కేటాయింపబడినవి. అగ్రకులములవారి యెదిరింపుచే పదేండ్లు అచట ఎన్నిక నిలువలేదు. నామినేషను వేయువారు లేరు. వేసి గెలిచినవారు వెంటనే రాజీనామా చేసిరి. 2006లో గాని అచట పంచాయతీ కుదుటపడలేదు. ఎన్నిక యనునది కాగితముపై నుండుటకును, ఊరిలో నుండుటకును గల దూర మా పదేండ్లు.

ఇప్పుడు శలాకల మూడు రీతులను తలచుకొందము. 2021 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశమున జరిగిన గ్రామ పంచాయతీ ఎన్నికలను పాఠకులు చూచియే యుందురు. దేశమంతట మీటనొక్కు యంత్రములు వచ్చినను, పంచాయతీకి మాత్రము కాగితపు చీటియు ఇనుప పెట్టెయునే. సర్పంచికి గులాబి రంగు చీటి, వార్డు సభ్యునకు తెల్ల చీటి. తెరచాటున ముద్ర వేసి మడిచి పెట్టెలో వేయుట గూఢకము. అదే దినమున అదే బడిలో చీటీలు లెక్కించి ఫలితము చెప్పుదురు. ఇద్దఱకు వోట్లు సమానముగ వచ్చినచో, రిటర్నింగు అధికారి పేర్లు వ్రాసిన చీటీలు వేసి ఒకటి తీయించును. అనగా పరాంతకుని నాటి కుండ మన బడిలోనికి నడచి వచ్చును. పిమ్మట వార్డు సభ్యులు చేతులెత్తి ఉపసర్పంచిని ఎన్నుకొందురు, ఇది వివృతకము. ఒక్క సాయంకాలమున, ఒక్క కప్పు క్రింద, ఇన్ని యుగముల పద్ధతులు వరుసగ జరుగుచుండ మనము పొద్దుపోయినదని విసుగుకొందుము.

మూడవ రీతి మిగిలినది. చెవిలో గుసగుస. అది పోలింగునకు ముందటి రాత్రి జరుగును. దానిని గూర్చి నేను వ్రాయ నక్కఱలేదు. తలుపు తట్టిన చప్పుడు వినని యిల్లు ఏ యూరను తక్కువ.

కాని ఆ గుసగుసకన్న నాకు భయము కలిగించునది 'ఏకగ్రీవము' పేరిట జరుగు వేలముపాట. ఊరంతయు మనస్ఫూర్తిగ ఒకనిని మెచ్చి పోటీ లేక నిలిపినచో అంతకన్న కావలసిన దేమి? అట్టి గ్రామములును కలవు, వానికి జోత. ప్రభుత్వమును ఏకగ్రీవమునకు నజరానా యిచ్చును. 2021లో జనాభాను బట్టి 5 లక్షలనుండి 20 లక్షల రూపాయలవఱకు ప్రకటించిరి. అయితే కొన్ని యూళ్ళలో పెద్దలు గుడిలో కూర్చుండి పదవిని పాట పెట్టుదురు. హెచ్చు పాడినవాడు సర్పంచి. సొమ్ము గుడికో, ఊరి యుమ్మడి పనికో జమ. తక్కినవారు నామినేషను వేయరాదని కట్టుబాటు. చట్టవిరుద్ధమని ఎన్నికల సంఘము హెచ్చరించుచునే యున్నది. పత్రికలలో వార్తలు వచ్చుచునే యున్నవి.

గుడి కట్టినారు గదా, తప్పేమి యని నన్ను కొందఱడిగిరి. లెక్కలవాడనై చెప్పుదును. పాడిన సొమ్ము వాని పుస్తకమున ఖర్చు పద్దున పడినది. ఖర్చు వ్రాసినవాడు జమ యెచ్చట వ్రాయును? ఐదేండ్లలో వీథిదీపముల పద్దున, మురుగు కాలువ పద్దున, ఉపాధి కూలి పద్దున వెదకినచో కనబడును. ఇంకొక సంగతి. ఆ పాటకు కూర్చున్న పెద్దలు ఎందఱు? పది మంది, పదునైదు మంది. వారిలో స్త్రీలు లేరు, కూలివారు లేరు. 1951లో పేరు వ్రాయించుకొన్న వారందఱి చీటీలు ఆ రాత్రి ఆ గుడిలో ఒక్క పాటతో చెల్లకుండ పోయినవి. ఉత్తరమేరూరు కుండలో కనీసము అర్హు లందఱి కమ్మలైన పడినవి. బాలుని చేతికి డబ్బు తెలియదు.

అర్హతల విషయమున నేటి చట్టము పాతదానివలె పొడుగైనది గాదు. 1994 పంచాయతీరాజ్ చట్టమున ఇద్దఱికి మించి సంతానము కలవారు పోటీ చేయరాదను నిబంధన యుండెను. ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2024లో దానిని తొలగించినది. భూమి, విద్య అడుగరు, అడుగకుండుటయే మంచిది. లెక్క మాత్రము ఇప్పటికిని అడుగుదురు. పోటీచేసినవాడు, గెలిచినను ఓడినను, ఫలితము వెలువడిన 45 దినములలోపల తన ఎన్నికల వ్యయపు లెక్క దాఖలు చేయవలెను; చేయనివాడు మూడేండ్లు అనర్హుడు. చుట్టఱికముల జాబితా లేదు గాన మేనత్త కొడుకులు నిశ్చింతగ నుండవచ్చును.

పంచాయతీ ఏటేటి జమాఖర్చుల పట్టికయు, ఆడిటు నివేదికయు గ్రామసభ యెదుట పెట్టవలెననియు ఆ చట్టమే చెప్పుచున్నది. వోటరు జాబితాలో పేరున్న ప్రతివాడు గ్రామసభలో సభ్యుడే. పిలుపు రాలేదని ఇంట కూర్చుండ నక్కఱలేదు. ఎన్నికనాడు బడియెదుట బారులు తీరు మనవారు గ్రామసభనాడు వేళ్ళపై లెక్కింపదగినంతమందియే వత్తురు. జమాఖర్చుల పట్టిక చదువుట కష్టమని కొందఱనుటయు విన్నాను. ఎడమప్రక్క జమ, కుడిప్రక్క ఖర్చు, అడుగున నిలువ. పద్దు తెలియనిచోట లేచి యడుగవచ్చును. చట్టపు తెలుగు ప్రతి మన గ్రంథాలయమున రెండవ బీరువాలో, పై అఱలో నున్నది. గ్రామసభనాడు దానిని వెంట తీసికొనిపోవుటకు గ్రంథాలయాధికారిగారు అభ్యంతరము చెప్పరు. పేరు వ్రాసి, చేవ్రాలు చేసి తీసికొనిపోవలెను.